గిన్నెల మిషన్‌కు సైకిల్ ట్యూబు

ఆ ఏడాది నర్మెట్టలో చెరువు నిండలేదు గాని, మా వంటిల్లు మాత్రం నాలుగుసార్లు అలుగు దుంకింది. కారకుణ్ణి నేనే. ఇంకొకరు చెబితే ఉప్పూకారం ఎక్కువ వేస్తారని నేనే చెబుతున్నాను.

అప్పుడు నాకు అరవై రెండు. తెలిసీ తెలియని వయసు. జనగామ నుంచి మొగుళ్లపల్లి దాకా నేను విప్పి బిగించని బావి మోటారు లేదని పేరు. బడికి పోయింది నాలుగో తరగతి వరకే. ఇంగ్లీషు అక్షరాలు మోటార్ల మీది రేకులు చూసి నేర్చుకున్నాను. చదువుకున్నవాళ్లు ఫోనులో వెతికి చెప్పే రోగాన్ని నేను చెవితో విని చెబుతాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలిసి నవ్వుతారు. నవ్వండి.

మా ఆవిడ రాజమ్మ కల్లంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. జనగామలో టీచరు ఉద్యోగం చేసే మా బిడ్డ సునీత, బదిలీ మీద వెళ్లిపోతున్న తోటి టీచరు దగ్గర గిన్నెలు కడిగే మిషన్ ఒకటి కొని పంపింది. పాతది. తలుపు ముందుకు వాలి తెరుచుకునే రకం. మొదటి రోజే తలుపు కింద నుంచి నీళ్లు కారి, వంటిల్లు దాటి, వాకిట్లో కోళ్లను తరిమాయి.

సునీత పంపిన మెకానిక్ తలుపైనా తెరవకుండా పెదవి విరిచాడు. పాత మోడలట, సామాను దొరకదట, తుక్కు కింద అమ్మేయాలట. అరవై రెండేళ్ల మనిషి పక్కన నిలబడి ఉండగా ఆ మాట ఎవరికి తగులుతుంది? టీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

సాయంత్రం సునీత ఫోను చేసింది. “బాపూ, ఆదివారం వస్త. అప్పటికి ఆ మిషన్ కారుడు ఆగకుంటే అవ్వను నా దగ్గరికి తీస్కపోత. ఒంటి చేత్తోని ఆమె గిన్నెలు తోముడు నేను చూడలేను.”

“ఆమెందుకు తోముతది? ఆదివారం దాక నేనే తోముత. మిషన్ గూడ నేనే బాగుజేస్త.”

పెళ్లయినప్పటి నుంచి రాజమ్మ లేని ఇంట్లో నేను వరసగా మూడు రోజులు ఉన్నది లేదు. ఆ మాట ఫోనులో చెప్పలేదు. చెప్పే రకాన్నీ కాను.

ముందు తలుపు చుట్టూ ఉండే రబ్బరును పట్టుకున్నాను. జనగామలో రైలెక్కి కేసముద్రం పోయి, మార్కెట్ దగ్గర ట్రాక్టరు సామాన్లు అమ్మే నా పాత దోస్తు దుకాణమంతా తిరగేశాను. సరిపడే రబ్బరు దొరకలేదు. ఇంటికొచ్చి సైకిల్ ట్యూబు చీల్చి అంటించాను. నీళ్లు కారాయి. రబ్బరు కాదు, పైపు అన్నాను. పైపుకు ట్రాక్టరు పట్టీ బిగించాను. నీళ్లు ఇంకా ఉత్సాహంగా కారాయి. మూడోసారి కోపమొచ్చి తలుపు కింది అంచుకు గోడలకు పెట్టే లప్పం దట్టించాను. చుక్క కారలేదు. మీసం దువ్వుకున్నాను. అయితే తలుపు కూడా తెరుచుకోలేదు. పళ్లేలన్నీ దాని కడుపులోనే ఉండిపోగా, ఆ పూట పెళ్లివాళ్లలా విస్తరాకుల్లో తిన్నాం. తిన్నాక పలుగు పెట్టి తలుపు లేపితే నాలుగో అలుగు దుంకింది.

శనివారం మధ్యాహ్నం రాజమ్మ వంటింట్లో కూర్చుని ఎడమ చేత్తో ఉల్లిగడ్డలు ఏరుతోంది. ఒకటి జారి, మిషన్ పక్కగా దొర్లి, గడప దాకా పోయి ఆగింది.

“ఏమయ్యా, ఈ ఉల్లిగడ్డకు గూడ రబ్బరు పోయిందా?”

“ఏందే నీ లొల్లి?”

“ఇరవై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఏది జారినా వాకిట్లకే ఉరుకుతది. నీళ్లు గూడ గటే పోతున్నయి. మిషన్ ముంగటికి వొంగిందేమో జర చూడరాదు.”

నాకు చెమట పట్టింది. ఎందుకంటే ఆ వాలు నాది. ఇల్లు కట్టినప్పుడు, కడిగిన నీళ్లు వంటింట్లో నిలవకూడదని మేస్త్రీ నెత్తిన కూర్చుని, వెనక గోడ నుంచి గడప దాకా రెండు వేళ్ల వాలు పెట్టించాను. మట్టంకర్ర తెచ్చి మిషన్ మీద పెడితే గాలిబుడగ వెనక గోడ వైపు పరుగెత్తింది. మిషన్‌తో వచ్చిన పుస్తకం తీశాను. మొదటి పేజీలోనే మట్టంకర్ర బొమ్మ. మొదటి పేజీలో కంపెనీ వాళ్లు తమను తాము పొగుడుకుంటారని నేను తొమ్మిదో పేజీ నుంచి చదివాను. ఆడలేక మద్దెల ఓడన్నవాడు నయం; నేను మద్దెలకు సైకిల్ ట్యూబు కూడా వేశాను.

పెరట్లో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాదు బండ ముక్కలు ఇంకా ఉన్నాయి. పారెయ్యమని రాజమ్మ ఇరవై ఏళ్లుగా పోరుతూనే ఉంది. రెండు తెచ్చి మిషన్ ముందు కాళ్ల కింద పెట్టి, ట్యూబూ పట్టీ పీకేసి నడిపించాను. చుక్క కారితే ఒట్టు.

ఆదివారం సునీత వచ్చి తలుపు కింద వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. “ఏం జేసినవ్ బాపూ?”

“ఏం లేదు బిడ్డా, లెవలు సరిజేసిన,” అన్నాను, పెద్ద డాక్టరులాగా.

“ఆ లెవలు ఎవలు చెడగొట్టిన్రో గది గూడ చెప్పు,” అంది రాజమ్మ, జనగామకని సర్దుకున్న చీరలు సంచిలోంచి తీసి బీరువాలో పెట్టుకుంటూ.

అందుకే ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మిషన్ కారినా, స్క్రూడ్రైవరు పట్టేముందు ఒక ఉల్లిగడ్డ దొర్లిస్తాను. చక్కగా అతుక్కున్న రాజమ్మ మణికట్టు మీద ఒట్టు. వాలు మాత్రం ఇవాళ్టికీ రెండు వేళ్లే, నూలుపోగంత తేడా లేదు. నమ్మకపోతే మీ ఉల్లిగడ్డ మీరే తెచ్చుకోండి.