రేడియేటర్ బాబాయి పీకేసిన వాల్వు

ఆ వీధిలో ఎవరి కారు వేడెక్కినా తిన్నగా వెళ్ళేది రేడియేటర్ బాబాయి షెడ్డుకే. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మాత్రం గుమ్మం పక్కనే సిమెంటు తొట్టి, దాన్నిండా నీళ్ళు ఉండేవి. రేడియేటర్‌ని అందులో ముంచి, గొట్టంతో గాలి కొట్టి, బుడగలు లేచిన చోట వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడ ఏడుస్తోంది" అనేవాడు. ఏదో పసిపిల్లను సముదాయిస్తున్నట్టు ఉండేది ఆ గొంతు. వయసులో పెద్దవాళ్ళు కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళు. ఆయనా పలికేవాడు.

వేడంటే ఆయనకు గిట్టదు. కాఫీ కూడా మీగడ కట్టి, పూర్తిగా చల్లారాకే తాగేవాడు. ఇక వేడెక్కిన బండి షెడ్డులోకి వచ్చిందంటే ముందు చేసే పని థర్మోస్టాట్ పీకేయడం. ఇంజను వేడయ్యేదాకా నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు అది. "నీళ్ళ దారికి తలుపెందుకయ్యా?" అని తీసి పారేసేవాడు. పారేయడమంటే పారేయడం కాదు, గోడమీద ఒక తీగకు వరసగా గుచ్చి పెట్టేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. వారమంతా కళ్ళద్దాల దుకాణంలో కూర్చుని, ఆదివారం వస్తే ఊరి బయట ట్రాక్ మీద కారు పందేలకు వెళ్ళేది. రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు, తుక్కులో పోవాల్సింది, తండ్రీకూతుళ్ళు కలిసి బతికించుకున్నారు. మామూలు రోజుల్లో వాళ్ళిద్దరి మధ్య "తిన్నావా", "తాళం వేశావా" తప్ప వేరే మాటలుండేవి కావు. ఆ కారు కింద పక్కపక్కన పడుకుంటే మాత్రం, పైనుంచి నూనె చుక్కలు మొహాన పడుతున్నా, కబుర్లు తెగేవి కావు. బాబాయికి ఆ కారు మీద ఉన్న ప్రేమంతా నిజానికి ఆ కబుర్ల మీదే.

చిక్కల్లా ఇంజన్ ఆయిల్‌తో వచ్చింది. మలుపుల్లో, సూటి పరుగుల్లో నూనె సలసలా కాగి నీళ్ళలా పలచబడిపోయేది. అలా రెండు ఇంజన్లు బిగుసుకుని పట్టేశాయి. రెండోది పోయిన రోజున తల్లి కుట్టుమిషను ఆపి లేచి వచ్చింది. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టేది.

"నువ్వు అక్కడ తిరుగుతుంటే ఇక్కడ నా కాలు మిషను మీద నిలవట్లేదే. మూడోదానికి కూడా ఇదే గతి పడితే కారు అమ్మేస్తానని మాటివ్వు," అంది.

కూతురు మాటిచ్చింది. తండ్రి మాట ఎవరూ అడగలేదు.

మూడో ఇంజను ఎక్కించాక నూనెను ఎలా చల్లబరచాలన్న దాని మీద షెడ్డులో పెద్ద వాదనే జరిగింది.

"నాన్నా, నీళ్ళతో పనిచేసే చిన్న కూలర్ పెడదాం. రేడియేటర్ నీళ్ళే నూనె వేడిని లాగేసుకుంటాయి."

"నా రేడియేటర్‌కి ఉన్న చాకిరీ చాలదా? నీ నూనె వేడి కూడా అదే మొయ్యాలా?"

"సరే, గాలి తగిలి చల్లబడేదే పెట్టు. చిన్నది చాలు."

"పెట్టేదేదో పెద్దదే పెడతాను. ముక్కు ముందే, గాలి నేరుగా కొట్టేలా. ఇక నీ నూనె ఎలా కాగుతుందో నేనూ చూస్తాను."

పెద్దదే వచ్చింది. దానితోపాటు ఒక వాల్వు కూడా వచ్చింది. నూనె తగినంత వేడెక్కేదాకా దాన్ని కూలర్‌లోకి పోనివ్వకుండా ఆపేది. కూతురు దుకాణానికి వెళ్ళిన పూట బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెయ్యి ఊరుకోలేదు. తీసేసి, తిన్నగా గొట్టం కలిపేశాడు. చెప్పాల్సినంత సంగతి అనిపించలేదు.

పందెం రోజు పొద్దున చలి ఇంకా వదల్లేదు. తల్లి కూడా వచ్చింది. మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఎవరిదో చొక్కా పెట్టుకుని గుండీలు కుడుతోంది. సాధన కోసం నాలుగు చుట్లు తిరిగి కూతురు కారు ఆపింది.

"నాన్నా, నూనె వేడి చూపే ముల్లు అరవై దగ్గరే కూర్చుంది. కదలట్లేదు."

"ఇంకేం, చల్లగా ఉంది కదా."

"మరీ చల్లగా ఉంది. ఇంజను బరువుగా లాగుతోంది. నూనె ముద్దలా ఉంటే సందుల్లోకి ఎలా పోతుంది? ఇలాగే తోలితే అరిగిపోతుంది. వాల్వు ఇరుక్కున్నట్టుంది, చూడు."

బాబాయి చూడలేదు. చేతిగుడ్డ మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"అది ఇరుక్కోలేదులే తల్లీ."

"చూడకుండా ఎలా చెప్తావ్?"

"షెడ్డులో ఉంది. తీగకి గుచ్చాను."

పక్కన చక్రాలు బిగిస్తున్న టైర్ల దుకాణం అతను చేతిలో పానా కింద పెట్టేశాడు. "బాబాయ్ చేతికి దొరికితే ఫ్రిజ్‌కి కూడా థర్మోస్టాట్ మిగలదు."

కూతురు నవ్వలేదు. కోప్పడనూ లేదు. అదే బాబాయికి ఎక్కువ బాధనిపించింది. కుర్చీలోంచి తల్లి తలెత్తి, "ఇంతకీ ఈ ఇంజను ఉంటుందా, పోతుందా?" అనడిగింది.

బాబాయి ఖాళీ నూనె డబ్బా ఒకటి వెతికి తెచ్చి, కత్తెరతో దాన్ని రేకులా విప్పాడు. కూలర్ మొహం కొంత మూసేస్తే అంత గాలి తగలదు. అది ఆయనకు తెలిసిన విద్యే. ఇంకో రోజయితే కొలత కూడా తనే తేల్చేసేవాడు. ఈసారి రేకు పట్టుకుని కూతురి ముందు నిలబడ్డాడు.

"ఎంత మూయమంటావు?"

ఆ అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. నాన్న ఎవర్నయినా కొలత అడగడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"సగం మూసి చూద్దాం."

సగం మూశారు. కూతురు మళ్ళీ చుట్లు తిరిగి వచ్చింది. "లాగుతోంది, బావుంది. కానీ చివర్లో నూట ఇరవై దాటబోయింది. మధ్యాహ్నం ఎండెక్కితే కష్టం. నాలుగు వేళ్ళు కత్తిరించు."

నాలుగు వేళ్ళ వెడల్పు కొలిచి కత్తిరించాడు. నూనె బాగుంటే తన ముందునుంచి పోయేటప్పుడు ఒకసారి లైటు వెయ్యమన్నాడు.

పందెంలో ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో బాబాయికి పట్టలేదు. కారు వచ్చేది, లైటు వెలిగేది, ఆయన ఊపిరి వదిలేవాడు. సగం దాటాక కారు వచ్చింది, లైటు వెలగలేదు. మళ్ళీ వచ్చింది, వెలగలేదు.

"ఏవండీ, వేసిందా?"

"ఎండలో కనపడలేదేమో."

"ఇందాకా ఎండే కదండీ."

చివరికి కారు ఏడో స్థానంలో వచ్చి ఆగింది.

"లైటు వెయ్యలేదేమే?" అన్నాడు, తలుపు తీయకముందే.

"వెనకవాడు మీదమీదకి వస్తుంటే లైట్లెవరికి గుర్తుంటాయి నాన్నా?"

"ముల్లు ఎక్కడుంది?"

"దాని మొహం కూడా చూడలేదు."

ఇక నూనెనే అడగాలి. లోపల ఇంజను అరిగితే ఇనుప రజను నూనెలోకి దిగి తళతళలాడుతుంది. అది కనిపించిందంటే మూడో ఇంజనూ అయిపోయినట్టే, కారూ అమ్మేయాల్సిందే. కూతురు డబ్బా పడితే, బాబాయి కారు కిందికి దూరి నూనె దింపాడు. తల్లి సంచిలోంచి తెల్లగుడ్డ ముక్క తీసి ఇచ్చింది. నూనెను దాంట్లోంచి వడగట్టి, గుడ్డను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఏదీ ఆనలేదు.

"ఇటివ్వండి," అందావిడ. బట్టలో విరిగిన సూది మొనను వెతికి తీసే కళ్ళు అవి. గుడ్డను ఎండకెత్తి పట్టుకుని ఒక అంచునుంచి చూసుకుంటూ వచ్చింది. కూతురు హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడింది. "ఉంటే ఉందని చెప్పేయమ్మా," అంది.

ఆవిడ గుడ్డ తిరగేసి రెండోవైపు కూడా చూసింది.

"ఏమీ లేదు. నలుపే."

"సరిగ్గా చూశావా?" అన్నాడు బాబాయి.

"నాకు కావలసింది ఆ మెరుపేనండీ. ఉంటే చెప్పనా?"

బాబాయి అక్కడే కారు చక్రానికి ఆనుకుని నేలమీద కూలబడి, చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టాడు. కూతురు నూనె చేతులతోనే తల్లిని వాటేసుకుంది. "దూరం జరగవే, చీరంతా నూనె చేస్తున్నావు," అంది ఆవిడ. అంది గానీ తాను మాత్రం జరగలేదు.