డాక్టరమ్మ కారుకు హమామ్

1949 చలికాలంలో నేను సూర్యాపేటలో ఒక మోటారు వర్క్‌షాపులో హెడ్ మిస్త్రీని. ఇంజన్ విప్పినా బిగించినా నా చేతి మీదుగానే జరగాలి. ఆ హోదాలోనే నన్ను మిర్యాలగూడ డాక్టరమ్మ కారు పని మీద పంపారు.

మా వైపు నీళ్లు గడ్డకట్టే చలి ఉండదు. కానీ ఆ కారు ముసలిది, బ్యాటరీ నీరసం. తెల్లవారుజామున ఆయిల్ చిక్కబడి, స్టార్టు చేయడానికి ముందువైపు హ్యాండిల్ తిప్పితే అది చేతికి ఎదురు తన్నేది. ఆ దెబ్బకే ఆమె మణికట్టు ఒకసారి విరిగింది. డ్రైవర్ లేడు. మళ్లీ విరిగితే పల్లెల్లో కాన్పులకు వెళ్లడం మానుకోవాల్సిందేనని దిగులుగా చెప్పింది.

ఇంజన్ బ్లాకులో నీళ్లు ముందే వేడెక్కితే బండి సులువుగా అందుకుంటుంది. వాళ్లింట్లో స్నానాల నీళ్లు కాచే రాగి హమామ్ చిల్లుపడి మూలన ఉంది. దానికి మాటు వేయించి, కోదాడ లారీల వాళ్ల దగ్గర రబ్బరు గొట్టాలు తెప్పించి ఇంజన్‌కు కలిపాను. కారు పక్కన గుంట తవ్వించి హమామ్‌ను అందులోకి దించాను. వేడినీళ్లు పైకెక్కుతాయి, చల్లనివి కిందికి దిగుతాయి, పంపు అక్కర్లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. తెల్లారేసరికి దాని కింద బొగ్గులు అంటించమని మాత్రం, ఎందుకో చెప్పకుండానే, వంటమనిషి మరియమ్మకు చెప్పి, మొదటి స్టార్టు చూసి పోదామని ఆ రాత్రి అక్కడే ఆగాను.

మర్నాడు తెలతెలవారుతుండగా వేములపల్లి నుంచి ఒకతను సైకిల్ మీద వచ్చాడు. భార్యకు నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందట. "జర జల్ది రావాలె డాక్టరమ్మా!" అంటూ గేటు పట్టుకుని ఏడ్చేశాడు. డాక్టరమ్మ సంచీతో బయటికొచ్చింది. హ్యాండిల్ పట్టే ముందు రేడియేటర్ మూత తీసి చూడడం మా వృత్తి నియమం. చూశాను. చుక్క నీరు లేదు!

నీళ్లేవని అరిచాను.

"అమ్మ తానానికి తీసిన మిస్త్రీ సాబ్. హమామ్ బాగుచేసిండ్రు గదా! నీళ్లు జర ఎర్రగున్నయని బట్టతోని వడగట్టిన గూడ" అంది మరియమ్మ, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

కోపం నషాళానికంటింది. తిట్టడానికి తీరిక ఏది? బకెట్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. గొట్టాలు ఊడదీసి, ఇంజన్‌కున్న కాక్‌లు, అంటే నీళ్ల కుళాయిలు, మూసి, ఆ స్నానపు నీళ్లన్నీ రేడియేటర్లో పోశాం. బ్లాకు వేడెక్కేదాకా ఆగాలి. ఆ కాసేపూ ఆ భర్త మొహం చూడలేకపోయాను.

నేను వంగబోతే డాక్టరమ్మ ఆపి, రేపు తిప్పాల్సింది తానే కదా అని హ్యాండిల్ అందుకుంది. సగం చుట్టుకే ఇంజన్ అందుకుంది. "హమ్మయ్య!" అన్నాను పైకే. సైకిల్‌ను గేటు దగ్గరే వదిలేసి అతను కారెక్కాడు.

మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. రాత్రి నీళ్లు వదిలేసి పొద్దున వేడివి పోసుకుంటే చాలు, గొట్టాలు మళ్లీ కలపకండి, హమామ్ మరియమ్మకే ఉంచండి అని నవ్వింది. ముందు రోషమొచ్చింది, తర్వాత నాకూ నవ్వాగలేదు. గొట్టాలు చుట్టిపెట్టి, హమామ్‌ను గుంటలోంచి పైకి తీశాను.

బండికి ఏదైనా బిగించేముందు నడిపేవాళ్లను ఎవరైనా అడుగుతారు. పొద్దున్నే దాని కింద నిప్పు వేసేవాళ్లను కూడా అడగాలని ఆ పనితో తెలిసింది.