ఎంగేజీ పలికిన ఆదివారం

పోయిన వారం ఇంటికి రంగులు వేయిస్తుంటే పెయింటరు నిచ్చెన మీద నుంచే కేకేశాడు. "అమ్మా, ఈ గోడలోంచి పాత వైరేదో ఒత్తంది. పీకేసి కన్నం కప్పెట్టీమంటావా?" కన్నాలు పూడ్చడం కూడా రంగుల బేరంలోనే కలిసి ఉందని, అందుకు పైసా అదనం అడగకూడదని నేను ముందే అతని చేత ఒప్పించుకున్నాను. అలాంటిదాన్ని, "దాన్నలా ఉండనీ బాబూ" అన్నాను. నా నోటి నుంచి పని తగ్గించే మాట వినేసరికి, ఇందులో ఏదో మతలబుందన్నట్టు అతను చాలాసేపు నా వంక చూశాడు. మతలబేమీ లేదు. అరకులో మేముండే ఈ వాటాకీ పక్క వాటాకీ మధ్య గోడలోంచి వేలెడు వైరు ఒకటి ఇవతలికి తొంగిచూస్తూ ఉంటుంది. ఒకప్పుడు రెండిళ్లకీ కలిపి ఉన్న ఒకే ఒక్క ఫోను లైను అది. పక్క వాటాలో ఇప్పుడు ఎవరో కాఫీ గింజల వ్యాపారి బస్తాలు పెట్టుకున్నాడు.

నేను ఎస్.కోటలో కిరాణా కొట్టు వెనక గదిలో పుట్టి, బెల్లం దిమ్మల మధ్య పెరిగినదాన్ని. మా ఇంట్లో పిల్లలకి మాటల కంటే ముందు బేరం వచ్చేది. మా నాన్న నేర్పిన సూత్రాలు రెండే. ముందు ధర చెప్పినవాడు ఓడిపోతాడు. అక్కర్లేదన్నట్టు నాలుగడుగులు వెయ్యడం చేతకానివాడికి సరుకు చవగ్గా రాదు. ఆ చదువుతోనే కాపురానికి కొండెక్కాను. మావారు గిరిజన పాఠశాలలో మాస్టారు. ఎదుటివాడు అడిగినంతా ఇచ్చి పైగా దండం పెట్టే రకం. అందుచేత ఇంట్లోకి ఏం రావాలన్నా నా నోటి మీదుగానే రావాలి. ఫోను కూడా అలాగే వచ్చింది. పక్క వాటాలో ఆస్పత్రి నర్సు ఒకావిడ ఒంటరిగా ఉండేది. జి.మాడుగుల అవతల కొండ మీది పల్లెలో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఊరంతా సిస్టరమ్మ అనేవాళ్లు, నేనూ అదే అనేదాన్ని. కాన్పు కేసులకి ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు కాబట్టి ఫోను ఆవిడకి తప్పదు. నాకు మాత్రం పెద్దగా అక్కర్లేనట్టు నాలుగడుగులు వేసి, చివరికి అద్దె చెరిసగం, ఫోను ఆవిడింట్లో, గోడకి కన్నం నా ఖర్చు అని తెగ్గొట్టాను. ఆ కన్నంలోంచి ఇవతలికి లాగిన వైరు కొస మా కంప్యూటరుకి తగిలించాం. మా ఇంట్లో ఫోనే లేదు. ఎవరైనా మాకు ఫోన్ చేస్తే సిస్టరమ్మ గోడ మీద గరిటెతో కొట్టేది.

కంప్యూటరు కొన్నది మా తమ్ముడి కోసం. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. కొట్లో కూర్చోరా అంటే కూర్చోలేదు, సరుకు ఓడలో పనికి కుదిరాడు. ఉత్తరం వేస్తే వాడు ఆ రేవు దాటిపోయాక గానీ చేరేది కాదు. మెయిలైతే ఏ రేవులో దిగినా రాయగలడు, నేను చదవగలను. అందుకని వైజాగ్‌లో ఒకరు వాడేసిన పెట్టెని బేరమాడాను. కొట్టతను ఇంటికొచ్చి రిపేరు చేసే పూచీ కూడా నాదే అన్నాడు. "కొండ మీదికి నువ్వెలాగూ రావు. ఆ పూచీ నువ్వే ఉంచుకుని, ఆ మేరకి తగ్గించు" అన్నాను. తగ్గించాడు. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంత సేపూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే ఓ తతంగం. మావారు మౌస్ నొక్కగానే లోపల పిల్లులు కొట్టుకున్నట్టు చప్పుడయ్యేది. ఆ పోట్లాట ఎలాగో సర్దుమణిగితే మెయిలు తెరుచుకునేది. ఒకసారి తమ్ముడు ఫోటో పంపాడు. అది పైనుంచి కిందికి చాప విప్పినట్టు నెమ్మదిగా దిగుతోంది. ముందు ఆకాశం, తరవాత టోపీ, తరవాత నుదురు, కళ్లు. కళ్ల కింద చిక్కినట్టున్నాడా అని నేను ముందుకి వంగేసరికి, అవతల సిస్టరమ్మ ఎవరికో చేద్దామని ఫోను ఎత్తింది. లైను తెగింది. మా వాడి ముక్కూ మూతీ సముద్రంలోనే ఉండిపోయాయి. నేను గోడ దగ్గరికెళ్లి, "కంప్యూటరు ఆడతన్నప్పుడు ఫోను ముట్టుకోవద్దని ఎన్నిసార్లు సెప్పాలి సిస్టరమ్మా?" అని గట్టిగానే కేకలేశాను. గోడ అవతల నుంచి "తప్పయిపోనాది మేస్టారమ్మా, మరి ముట్టను" అన్న మాట మాత్రం వినపడింది.

వానాకాలంలో ఓ ఆదివారం పొద్దున్న సిస్టరమ్మా నేనూ మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాం. తెర అడుగున వార్తలు పాకుతున్నాయి. తుపానులో చిక్కుకున్న సరుకు ఓడతో సంబంధాలు తెగిపోయాయని వచ్చింది, దాని వెనకే ఓడ పేరు వచ్చింది. తమ్ముడు ప్రతి మెయిలు చివరా తన పేరు కింద ఇంటిపేరులా రాసుకునే పేరే అది. మళ్లీ వస్తుందేమోనని చూశాం. వచ్చింది. మూడోసారి నేను చూడలేదు. సిస్టరమ్మ నా ఒళ్లోంచి చేట తీసి పక్కన పెట్టి, "కంప్యూటరు సూడండి బేగి. ఒడ్డు సేరుంటే రాసుంటాడు గదా" అంది. అని, తలుపు చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

అంతే కదా మరి. వాడు ఏదో ఒక ఒడ్డు చేరి ఉంటే మెయిలుంటుంది. మెయిలు లేకపోతే ఏమిటన్నది నేను మనసులో కూడా అనుకోలేదు. మావారు నొక్కారు. పిల్లులు అరవలేదు. డయల్ టోన్ లేదన్న ముక్క ఒకటి తెర మీద పడింది. మళ్లీ నొక్కారు, మళ్లీ అదే ముక్క. కంప్యూటరు ఆపి, వేశారు. వైరు పీకి, చొక్కా అంచుతో తుడిచి, నోటితో ఊది, మళ్లీ గుచ్చారు. పెట్టెతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తెరిచి, పిల్లలకి పాఠం చెప్పినట్టు పైకి చదివారు. వైరు సరిగా ఉందో లేదో చూసుకోమని, అయినా పలకకపోతే అమ్మినవాణ్ణి పిలవమని రాసి ఉంది. అమ్మినవాణ్ణి రావద్దని బేరమాడిన మహాతల్లిని పక్కనే ఉన్నాను. మావారు నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

"వానకి లైను పోయుంటుంది" అన్నారాయన. పక్కింట్లో ఫోను ఎత్తి చూద్దామంటే సిస్టరమ్మ తలుపుకి తాళం. ఆస్పత్రికి వెళ్లిందనుకున్నాను. కిందికి దిగి ఎస్.కోటలో ఇంటర్నెట్ సెంటరుకి పోదామంటే, ఘాట్‌లో కొండచరియ పడి బస్సులు లేవు. రైలు పట్టాల మీదా రాళ్లు పడ్డాయన్నారు. సెల్ ఫోను టవరు ఇంకా కొండెక్కలేదు. ఆయన మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నారు. నేను వెళ్లి దేవుడి గూటి ముందు కూలబడ్డాను.

సింహాద్రి అప్పన్నకి కొబ్బరికాయ అన్నాను. తెర మీద అదే ముక్క. కొబ్బరికాయకి ఓడ వస్తుందా అని నాకే సిగ్గేసి, తలనీలాలు అన్నాను. విజయనగరం పైడితల్లికి చీర అన్నాను. చీరతో పాటు గాజులు అన్నాను. గాజులంటే మట్టివి కాదు తల్లీ, చేతికున్నవే అన్నాను. పిల్లలు పుట్టినప్పుడు కూడా నేను దేవుడికి ఒక మాట మీద నిలబడి మొక్కినదాన్ని. ఆ రోజు అవతలివాడు నోరు మెదపకుండానే నా ధర నేనే పెంచుకుంటూ పోయాను. నోరు మెదపనివాడికి మించిన బేరగాడు లేడని మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. బహుశా ఆయనకి అలాంటి ఖాతాదారుడు తగిలి ఉండడు.

మధ్యాహ్నం దాటాక ఇంట్లో ఉండలేక గొడుగేసుకుని స్టేషను దగ్గర ఎస్టీడీ బూతుకి నడిచాను. తమ్ముణ్ణి పనికి పెట్టిన బొంబాయి ఏజెంటు నంబరు కాగితం మీద ఉంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. బూతు అతను నా మొహం చూసి, "ఆదివారం ఆపీసులో ఎవులుంటారమ్మా? రేపు రా" అన్నాడు. రేపటి దాకా ఎలా నిలబడాలో తెలియక ఆ గాజు గదిలోనే నిలబడిపోయాను. మా నాన్న పొద్దున్నే కొట్టు తీయగానే ఎవరి సరుకూ తూచకముందు తన కాటాని తాను సరిచూసుకునేవాడు. ఎందుకు గుర్తొచ్చిందో గానీ, చెయ్యి దానంతటది మా ఇంటి నంబరే నొక్కింది. లైను చచ్చిపోయి ఉంటే ఏ చప్పుడూ రాకూడదు. ఎంగేజీ వచ్చింది. బూతు అతను కూడా చెవి పెట్టి విన్నాడు. "మీ లైను బాగానే ఉందమ్మా. ఎవులో మాటాడతన్నారు." తాళం వేసిన ఇంట్లో ఎవరు మాట్లాడతారు? ఉన్నది ఒక్క ఫోను. కంప్యూటరు ఎలాగూ కలవడం లేదు, ఇక ఫోను ఎత్తి ఉంటే తప్ప ఎంగేజీ రాదు. నన్ను పొద్దున్నించీ చంపుతున్నది వానా కాదు, కంప్యూటరూ కాదు, గోడ అవతల సరిగా పెట్టని రిసీవరు.

ఆస్పత్రిలో అడిగితే ఆవిడకి ఈ పూట డ్యూటీ లేదు, చర్చికెళ్లిందన్నారు. బురదలో జారుతూ కొండవార చర్చి దాకా, ఆవిణ్ణి అనబోయే మాటలు వరసగా పేర్చుకుంటూ వెళ్లాను. ఒకదాన్ని మించినది ఒకటి. రేకుల కప్పు మీద వాన హోరు. ప్రార్థన ఎప్పుడో అయిపోయి జనం వెళ్లిపోయారు. లోపల చాప మీద సిస్టరమ్మ ఒక్కతే మోకాళ్ల మీద ఉంది. మనతో మాట్లాడే తెలుగు కాదు, పుట్టిన పల్లె భాషలో గొణుక్కుంటోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ తెలియని మాటల మధ్య మా తమ్ముడి పేరు వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. నేను పేర్చుకొచ్చిన మాటలన్నీ గుమ్మంలోనే రాలిపోయాయి.

"సిస్టరమ్మా, ఫోను ఎత్తి పెట్టీసినావా?" అన్నాను.

ఆవిడ తిరిగి చూసింది. "పెట్టీసినాను గదా. ఎవులైనా ఫోన్ సేత్తే నీ కంప్యూటరు తెగిపోద్దని పక్కన పెట్టి, తువ్వాలు కప్పి, తాళమేసి ఒచ్చినాను. ఈ రోజు ఎవులూ దాన్ని ముట్టకూడదని." నా మొహంలో ఏం కనపడిందో, ఆవిడ గొంతు సన్నబడింది. "అందిందా మరి, ఉత్తరం?"

ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లేపాను. ఇద్దరం ఒకే గొడుగు కింద తడుస్తూ ఇంటికొచ్చి పడ్డాం. తాళం తీసేసరికి ఫోను పక్కన రిసీవరు తువ్వాలు కింద పసిపిల్లలా పడుకుని ఉంది. తీసి పెట్టాను. గోడ కన్నం దగ్గర నోరు పెట్టి, "ఏవండీ, నొక్కండి" అని అరవబోయేంతలో ఫోను మోగింది. ఎవరో కాన్పు కబురు కాబోలు, కాసేపాగి చేసుకుంటారులే అని ఎత్తి, వినకుండానే పెట్టేశాను. మళ్లీ మోగింది. మళ్లీ పెట్టెయ్యబోతే సిస్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముట్టనని మాటిచ్చిన మనిషి, తనే ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం విని, రిసీవరు నా చెవికి ఆనించింది.

"ఏటే అక్కా, పొద్దున్నించీ సేత్తన్నాను, ఎప్పుడూ ఎంగేజీయే. దొరక్క దొరక్క దొరికితే పెట్టేత్తావేటి? ఎవులితో బేరవాడతన్నావు?"

ఏడ్చానో నవ్వానో తెలియదు. సిస్టరమ్మ నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టింది. వాళ్ల ఓడ గాలికి దారి తప్పి ఏదో పేరు తిరగని రేవు చేరిందట, రేడియో పాడయిందట, ఒంటి మీద దెబ్బ కూడా లేదట. వాడు గబగబా చెప్పుకుపోయాడు. తరవాత గొంతు మారింది. "నాతో పని సేసేవోడు ఒకడు, మన శ్రీకాకుళం కుర్రోడే. రేత్రి అలొచ్చి కొట్టీసినాది. దొరకనేదే అక్కా. ఆడికీ ఒక అక్కుంది. కంపినీవోళ్లు రేపు సెప్తారంట." ఆ తరవాత లైను దానంతటదే పోయింది. గోడ అవతల మావారు ఇంకా మౌస్ నొక్కుతూనే ఉన్నారు.

మొక్కులన్నీ తీర్చాను, ఒక్కటీ తగ్గించమని అడగలేదు. అయితే సింహాచలంలో మంగలి కత్తి నెత్తి మీద ఆడుతుంటే, ఆ కుర్రాడి అక్క కూడా ఆ ఆదివారం ఇలాగే ఎవరికో ఏదో ఇస్తానని మొక్కి ఉంటుందా అనిపించింది. టీవీలో ఆ వార్త ఆవిడ కంట పడి ఉండకపోతే మొక్కి ఉండదు. కంపెనీవాళ్లు ఆవిడకి చెప్పేది మర్నాడు. మా ఇంట్లో పొయ్యి వెలగని ఆ మధ్యాహ్నం, ఆవిడ అన్నం వండుకుని, వాన చూసుకుంటూ తిని ఉంటుంది. కబురు వచ్చేదాకా మా ఇంట్లో బతికున్నవాడు చచ్చిపోయాడు, వాళ్లింట్లో చచ్చిపోయినవాడు బతికే ఉన్నాడు. కాలం అందరికీ ఒకటేనంటారు గానీ, ఆ ఒక్క రోజు అది ఇంటికొక తీరుగా నడిచింది.