ఎర్రదారం కట్టిన మెదళ్ళు

కోమలవల్లి మెదళ్ళు కోస్తుందని హుస్సేనీ ఆలం పేటలో అందరికీ తెలుసు. గుడి కొలువు చేసుకునే ఇంటి ఆడపిల్లకు ఇదేం పనని మొదట్లో బుగ్గలు నొక్కుకున్నారు. చివరికి వాళ్ళకే విసుగు పుట్టింది. తల్లి ఆండాలు మాత్రం, సాయంత్రం కూతురు తలస్నానం చేస్తే తప్ప వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు, ముట్టుకునేది కాదు.

డెబ్బై ఒకటిలో ఆమె మెడికల్ కాలేజీ పరిశోధనశాలలో చేరింది. తలకు దెబ్బ తగిలి, కొన్ని వారాలో నెలలో బతికి, తర్వాత చనిపోయినవాళ్ళ మెదళ్ళు ఆమెకు కావాలి. పైన గాయం మానినా లోపల వాపు ఎంతకాలం ఉంటుందన్నది ఆమె ప్రశ్న. మెదడును మందునీళ్ళ బకెట్లో మూడు వారాలు ఉంచితేగాని కోతకు గట్టిపడదు. పలుచగా కోసి గాజుపలకల మీదికి ఎక్కించాక ఏది కుడో ఏది ఎడమో తేలదు. అందుకని దెబ్బ తగిలిన పక్క ముందే ఎర్రదారం కుట్టాలి. ఆఫీసులో రంగుదారం దొరకలేదు. గుళ్ళో చేతులకు కట్టే ఎర్రదారం ఉండ ఒకటి ఇంటినుంచి తెచ్చి, అటెండర్ బసవయ్య చేతిలో పెట్టింది. శవపరీక్ష గదినుంచి మెదడును మోసుకొచ్చేది అతనే.

ఎనిమిదేళ్ళలో తొంభై ఆరు మెదళ్ళు కోసింది. దాదాపు సగం వాటిలో వాపు దెబ్బ తగిలిన వైపు కాక అవతలి వైపు కనిపించింది. అంతవరకు ఎవరూ చెప్పని సంగతి అది. ఆమె పైఅధికారి ప్రొఫెసర్ వామన్‌రావుకు సంతోషంతో కాలు ఒకచోట నిలవలేదు. పేపరు బెంగళూరులో డాక్టర్ల సభకు పంపారు. ఆమెకు కాలేజీలో రీడర్ అనే పైమెట్టు ఉద్యోగం రావడం, రాకపోవడం దాని మీదే ఉంది.

సభ తొమ్మిది రోజులుందనగా, బసవయ్య దారం కుడుతుంటే ఆమె పక్కనే నిలబడింది. చనిపోయింది ఆడమనిషి. దెబ్బ కుడివైపని కాగితంలో ఉంది. అతను ఎడమవైపు కుడుతున్నాడు.

"అటు కాదు బసవయ్యా, ఇటు."

"ఆడమనిషి గద మేడం," అన్నాడు తలెత్తకుండానే. "మొగోళ్లకు కుడిదిక్కు, ఆడోళ్లకు ఎడమదిక్కు. గుళ్ల గట్లనే కడ్తరు గద."

"మొదటిసంది గిట్లనే కడ్తున్నవా?"

"ఒక్కటి గూడ తప్పలే. అడిగెటోళ్లు లేని పీనుగులే మస్తుగ వస్తయి. పాపం, ఎవ్వరు లేకుంటే మీరన్న దేవుని దారం కట్టిస్తున్నరనుకున్న."

ఆమెకు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కింద తాను చెప్పింది "దారం కుట్టు" అని, అంతే. ఏ పక్కనో, ఎందుకో చెప్పలేదు. కోపం వచ్చింది, తన మీదే వచ్చింది.

వామన్‌రావు సంగతి విని తలుపు దగ్గరికి వేశాడు. "ఎవడు తవ్వి చూస్తడమ్మా? ముందు ఉద్యోగం రానీ, తర్వాత మెల్లగ సరిజేసుకో."

"నేను చూసిన గద సార్."

పేపరు వెనక్కి తీసుకుంది. రీడర్ పోస్టు ఇంకొకరికి పోయింది.

బసవయ్య దారం ఉండ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇంక కట్ట మేడం," అన్నాడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అప్పుడామెకు సిగ్గేసింది. ఆ బకెట్లలో ఉన్నది మనుషులని ఎనిమిదేళ్ళలో ఒక్కరోజైనా తనకు తట్టలేదు. అతనొక్కడే వాళ్ళను మనుషులుగా చూశాడు.

"కట్టు," అంది. "దెబ్బకు నల్లదారం నేను కుడత. ఎర్రది నీ లెక్కనే కట్టు."

అతను ఒక్కటీ తప్పకపోవడమే చివరికి ఆమెను కాపాడింది. మగవాళ్ళకు దారమున్నది కుడి, ఆడవాళ్ళకు ఎడమ. ఏ పక్క దెబ్బో పోలీసు కాగితాల్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏడాదిన్నర కూర్చుంది. వింత మాయమైంది. వాపు దెబ్బ తగిలిన పక్కనే ఉంది. కాని, మానిందని ఇంటికి పంపినవాళ్ళలో కూడా నెలల తరబడి చల్లారలేదు. ఎనభై రెండులో ఒక చిన్న పత్రికలో ఆ సంగతి అచ్చయింది, చివర బసవయ్య పేరుతో సహా.

ఎర్రదారం బసవయ్య ఎవరికోసం కడుతున్నాడో ఆ తర్వాత ఇంట్లో చెప్పింది. దారం అయిపోయిందని చెప్పిన సాయంత్రం ఆండాలు, కూతురి తలస్నానం కాకముందే గడప దాటి వచ్చి, మడిబట్టతోనే కొత్త ఉండ ఆమె చేతిలో పెట్టింది.