దుర్గప్ప గెలిచిన దావా

ఆదోని, ఎమ్మిగనూరు మధ్య బాడుగ కారు తోలి బతికేవాడు దుర్గప్ప. ఒక ఎండాకాలం, ఎదురుగా వస్తున్న పత్తి బండికి దారి ఇద్దామని కారు రోడ్డు పక్కకు దించి నిలబెట్టాడు. వెనకనుంచి ఎమ్మిగనూరు పత్తి వ్యాపారి రంగనాయకులు తన కొత్త కారు తానే తోలుకుంటూ వచ్చి దాన్ని గుద్దాడు. దుర్గప్ప కారు గుంతలో పడింది. ఇరుసు వంగింది, రేడియేటరు పగిలింది.

"తప్పు నాదేనప్పా. షెడ్డులో ఇడ్సు, ఖర్సు నేనిస్తా" అన్నాడు రంగనాయకులు. పత్తి బండి తోలుతున్న మద్దిలేటి ఆ మాట విన్నాడు.

కారు బాగయింది. డబ్బు కడితేగానీ ఇవ్వనన్నాడు షెడ్డు మేస్త్రీ. దుర్గప్ప ఎమ్మిగనూరు పోయాడు.

"సావుకారీ, నీ బీమా కంపెనీతో ఇప్పిచ్చినా సాలు."

"బీమా కట్టలేదప్పా. పత్తి అమ్ముడుపోనీ."

పత్తి అమ్ముడుపోయింది. మళ్ళీ పోతే మాట మారింది. "దోవకు అడ్డంగా నిలబెట్టింది నువ్వు. నన్నడిగితే యాడనుంచి తెస్తా?"

బీమా లేకుండా తోలితే పడే జరిమానా సర్కారుకు పోతుందనీ, తన ఖర్చు రావాలంటే దావా వేయాలనీ ఆదోని వకీలు చెప్పాడు. దుర్గప్ప దావా వేశాడు. అతని భార్య సుంకమ్మ పత్తి జిన్నింగు మిల్లులో కూలికి పోతూ ఇల్లు నడిపింది. భర్త కోర్టు వరండాలో కూర్చుని, వాయిదా పడిందని విని, నడిచి ఇంటికి వచ్చేవాడు. ఏమైందని ఆమె అడగడం మానేసింది.

మద్దిలేటి మాత్రం పిలిచిన ప్రతిసారీ బాడుగ వదులుకుని వచ్చాడు. "కారు నిలబడుండాది సామీ. నిలబడినదాన్నే వచ్చి గుద్దినాడు" అని బోనులో చెప్పాడు. దుర్గప్ప పక్షాన డిక్రీ వచ్చింది. రంగనాయకులు అప్పటికీ కట్టలేదు. చివరికి కోర్టు అమీను అతని కారును జప్తు చేసి వేలానికి పెట్టాడు.

బజారు వాళ్ళంతా వచ్చారు. సావుకారి మొహం చూసి ఒక్కరూ పాట పాడలేదు. అప్పుడు దుర్గప్ప లేచాడు. తనకు రావాల్సిన బాకీ కింద చెల్లుబెట్టుకుని తానూ పాడేందుకు వకీలు ముందే కోర్టు అనుమతి తెచ్చి ఉంచాడు. అతను నోరు తెరిచి పాడబోతుంటే, రంగనాయకులు బామ్మర్ది జనాన్ని తోసుకుంటూ వచ్చి, బాకీ మొత్తం అమీను చేతిలో పెట్టాడు.

ఆ డబ్బు మేస్త్రీకి, అప్పులకు సరిపోయింది.

"గెలిసినావు కదా, మొగం అట్ల పెట్టుకున్యావేమి?" అంది సుంకమ్మ.

"ఏమోలే, కూసోవల్లనిపిస్తాంది" అన్నాడతను.

కారు ఇంటికి వచ్చేసరికి ఆ దారిలో బస్సు పడింది. కారెక్కేవాళ్ళు తగ్గిపోయారు. కొంతకాలం స్టాండులో కాచుకుని చూసి, దుర్గప్ప కారును కౌతాళం రైతుకు అమ్మి, అదే బస్సుకు డ్రైవరుగా కుదిరాడు. నెల జీతం చేతికి వచ్చాక సుంకమ్మను మిల్లు మాన్పించాడు.