సిద్దిపేట పికప్ అడ్డాకు బండి లేకుండా వెళ్లాను

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. మా ఆయన యాదగిరి పోయి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి సిద్దిపేటలో ఒక మనిషికి తెలియదు. తెలియకుండా చేసింది నేనే. ఆయన ఫోన్ దగ్గర పెట్టుకుని, ఆయన పేరుతోనే, ఆ మనిషితో ఎనిమిది నెలలు రోజూ గొడవ పడ్డాను. దేని గురించి గొడవంటే మీరు నవ్వుతారు. పికప్ బండ్ల గురించి.

మాది అల్వాల్. నేను చిన్న బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన సొంత పికప్ నడిపేవారు. కూరగాయలు, ఇల్లు మారేవాళ్ల సామాన్లు, పెళ్లిళ్ల కుర్చీలు, ఏ కిరాయి వస్తే అది వేసేవారు. పికప్ వాళ్లలో రెండు జట్లున్నాయని పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. కంపెనీల పేర్లు రాయను. అడ్డాల మీద ఆ పేర్లతో ఎవరూ పిలవరు కూడా. ముక్కు మొద్దుగా, ఎంత బరువైనా మోసే బండి దున్న. సన్నగా, లీటరు డీజిలుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తిరిగే బండి జింక. మా ఆయనది జింక. దున్నవాళ్లు జింకను "కాగితం పడవ" అంటారు, జింకవాళ్లు దున్నను "డీజిలు తాగుబోతు" అంటారు. ఆడవాళ్లు చీరల గురించి మాట్లాడుకుంటే వెక్కిరించే మగవాళ్లు క్లచ్ ప్లేటు గురించి రెండు గంటలు కొట్లాడుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆ మనిషి పేరు రాజమల్లు, ఊరు సిద్దిపేట పక్క నంగునూరు. సిద్దిపేట అడ్డాలో దున్న నడుపుతాడు. ఆరేళ్ల కింద ఒక మార్కెట్లో ఇద్దరి బండ్లు పక్కపక్కన నిలిచాయి. ఎవరి కమాన్ కట్టలు గట్టివి, అంటే వెనక బరువు మోసే ఆ ఇనుప పట్టీలు, అని మాట మొదలైంది. ఆ మాట ఆరేళ్లు నడిచింది. సిద్దిపేట డ్రైవర్లందరూ ఉండే, అల్వాల్ నుంచి మా ఆయనొక్కరే ఉన్న ఫోన్ గ్రూపులో ప్రతి సాయంత్రం ఏడింటికి రాజమల్లు గొంతు వచ్చేది, ఈయన గొంతు వెళ్లేది. అన్నం చల్లారినా సరే, జవాబు చెప్పందే మా ఆయన లేచేవారు కాదు.

ఆయన గుండెనొప్పితో పోయారు. మాకు పిల్లలు లేరు. పదకొండో రోజుకు చుట్టాలందరూ వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది. "ఏంది తమ్మీ, పది దినాల సంది సప్పుడు లేదు. జింక పాడెక్కిందా? వానకాలం దాటదని నేను అప్పుడే చెప్పలే?" చెబుదామనే అనుకున్నాను, ఒట్టు. "ఆయన" అని రాసి చెరిపేశాను. ఇంతలో కోపం వచ్చింది. మా ఆయన బండిని అనడానికి ఈయనెవరు? "మా జింకకేం కాలేదు. నీ దున్న సంగతి చూసుకో" అని రాసి పంపించాను. అంతే, అందులో పడిపోయాను. గొంతు ఎందుకు వినిపించడం లేదని మర్నాడు అడిగితే, ఆపరేషన్ అయింది, డాక్టర్ మాట్లాడొద్దన్నాడు అని రాశాను.

వాదించాలంటే విషయం ఉండాలి కదా. మా సందు చివర మెకానిక్‌ను అడిగి నేర్చుకున్నాను. అయినా బోల్తా పడ్డాను. ఒకసారి "మా జింక నిండు లోడుతో ఐదో గేరులో గుట్ట ఎక్కింది" అని రాశాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఒకటో రెండో గేరు వేస్తారట, రాజమల్లు రెండు రోజులు నవ్వాడు. "ఐదో గేరుల గుట్టెక్కిందా? తమ్మీ, గొంతుతోని తెలివి గూడ పోయిందా?" నేను కూడా నవ్వాను, ఒక్కదాన్నే, వంటింట్లో నిలబడి.

పోయిన వారం ఆయన పందెం వేశాడు. "నోటి మాటలు చాలు. ఐతారం సిద్దిపేటకు రా. చెరి ముప్పై బస్తాల మక్కలు ఏసి నంగునూరు తొవ్వ ఎత్తు ఎక్కిద్దాం. ఓడినోడు గెలిచినోని బండి కడగాలె." గ్రూపు మొత్తం చూస్తోంది. పౌరుషానికి పోయి "వస్తా" అని రాశాను. మా జింక ఎనిమిది నెలలుగా కవరు కప్పుకుని ఇంటి ముందే ఉంది. నాకు డ్రైవింగ్ రాదు. ఇక నిజం చెప్పక తప్పదు. చావు కబురు ఫోన్లో చెప్పేది కాదు, మనిషి వెళ్లి చెప్పాలి. చెబితే సాయంత్రం ఏడింటి గొంతు పోతుందని తెలిసే బయలుదేరాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకు జూబ్లీ బస్ స్టేషన్లో బయలుదేరే ఎక్స్‌ప్రెస్ అల్వాల్‌కు ఏడు లోపే వస్తుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి, పొద్దుటి ఎండ కుడి వైపు నుంచి కొడుతుంది. శామీర్‌పేట దాటాక రోడ్డు ఖాళీ. దారిలో ఎన్ని పికప్‌లు కనిపించాయో, అన్నీ దున్నా జింకా అని లెక్కపెట్టాను. మా ఆయన పక్కనుంటే ఒక్కోదానికి ఒక్కో వంక పెట్టేవారు. ఎనిమిదింటికి ప్రజ్ఞాపూర్‌లో పది నిమిషాలు ఆపారు. ఇడ్లీ నలభై, చాయ్ పదిహేను. హోటల్ ముందు రెండు రకాల బండ్లూ నిలిచి ఉంటే, ఇడ్లీ తీసే ఆయన్ని ఊరికే అడిగాను, ఏది మంచిదని. "రెండిట్లకెళ్లి దిగినోళ్లు నా తాన్నే తింటరమ్మా. నాకు రెండూ మంచియే" అన్నాడు. ఆరేళ్లలో ఇంత తెలివైన మాట ఆ గ్రూపులో ఒక్కరూ అనలేదు.

తొమ్మిది దాటాక సిద్దిపేటలో దిగాను. బస్టాండు నుంచి అడ్డాకు ఆటోలో ముప్పై రూపాయలు. పికప్ అడ్డా అనగానే ఆటో అతను "దున్నలోళ్లదా, జింకలోళ్లదా?" అని అడిగాడు. రోడ్డుకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటట. దున్నల వైపు అని చెప్పాను. "ఇయ్యాల గాడ తమాషా ఉన్నదక్కా. పట్నం కెళ్లి ఒక జింక వస్తుందట. రాజమల్లు కాక పొద్దుగాల్నే బస్తాలేసి కూసున్నడు." వెనక్కి తిప్పమని చెప్పే మాట నాలిక చివరిదాకా వచ్చింది.

ఆటో దిగేసరికి నిజంగానే జాతరలా ఉంది. ఒక దున్న మీద ముప్పై మొక్కజొన్న బస్తాలు కట్టి ఉన్నాయి. ఇంకో ముప్పై బస్తాలు మా జింక కోసం కింద పేర్చి పెట్టారు. పక్కనే రెండు బకెట్ల నీళ్లు, ఒక గుడ్డ. ఓడినవాడు బండి కడగడానికి. రోడ్డవతలి జింకవాళ్లు కూడా మా ఆయన గెలుస్తారన్న ఆశతో ఇవతలికి వచ్చి నిలబడ్డారు. సామాన్లు వేయాలా అని ఒకతను అడిగితే, రాజమల్లన్న కావాలన్నాను.

"నేనే, చెప్పు చెల్లె" అని ఒకాయన లేచాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, తెల్ల మీసం. ముఖం కొత్త, గొంతు మాత్రం మా వంటింటిది.

"అల్వాల్ యాదగిరి ఇంటి నుంచి వచ్చిన అన్నా."

ఆయన నా వెనక రోడ్డు వైపు చూశాడు. "బండేది? ఎన్కవడ్డడా? పంక్చరైందా? జింకకు గదే రోగం." అందరూ నవ్వారు. అలవాటు చొప్పున నా నోట్లోంచి జవాబు వచ్చేసింది. "దున్నకైతే పంక్చర్ గాదా?" జింకవాళ్లు ఈల వేశారు. ఇక ఆలస్యం చేస్తే చెప్పలేనని తెలిసిపోయింది.

"ఆయన లేడన్నా. పోయి ఎనిమిది నెలలాయె."

"ఎనిమిది నెలలేంది? మొన్న శుక్కురారం గూడ నాతోని లడాయి వెట్టుకున్నడు."

"అది నేనే."

"మరి గొంతు ఆపరేషన్?"

"అబద్ధం."

"ఐదో గేరుల గుట్ట?"

"అదీ నేనే అన్నా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. రాజమల్లు తిట్టాడు. ముందు తనను తాను తిట్టుకున్నాడు. "నీ బండి పాడెక్కిందా అని గూడ అంటి గదా. సచ్చినోని పట్టుకొని ఎన్ని మాటలంటి. నా నోట్ల మన్ను వడ." తరవాత నా మీద తిరిగాడు. "సావు కబురు దాస్తరా ఎవలన్న? పగోనికి గూడ చెప్తరు గదా చెల్లె. చెప్తె మట్టికి రాకపోదునా? నీ పెనిమిటికి గొంతు రావాలని కొమురెల్లి మల్లన్నకు మొక్కిన నేను. గొంతస్తె గుడి ముంగట ముగ్గుల పట్నం ఏపిస్త అని మొక్కిన."

నేనాడిన అబద్ధం మీద ఒక మనిషి దేవుడి ముందు మొక్కుకున్నాడు. తల ఎత్తలేకపోయాను. "ఏడింటికి నీ గొంతు రాకుంటె మా ఇంట్ల ఇంకో గొంతు లేదన్నా" అన్నాను. ఉన్న మాట అదే.

ఆయన చెప్పులు విడిచాడు. ఫోనూ పర్సూ తీసి బండి మీద పెట్టాడు. బండి కడగడానికి పెట్టిన బకెట్ ఎత్తి, బట్టలతోనే, తల మీద కుమ్మరించుకున్నాడు. తరవాత రెండోది. మా వైపు అయినవాళ్లు పోయిన కబురు ఎంత ఆలస్యంగా విన్నా, విన్నచోటే తలారా నీళ్లు పోసుకుంటారు. అది రక్తసంబంధం ఉన్నవాళ్లు చేసేది. పక్కనున్న డ్రైవర్ ఆ మాటే అన్నాడు. "కాకా, ఆయన నీకు సుట్టం గాదు గదనే."

"ఆరేండ్లు లడాయి వెట్టుకున్నోడు సుట్టం గాకుంటె ఇంకేంది?" అన్నాడు రాజమల్లు, మీసం మీది నీళ్లు తుడుచుకుంటూ.

మా ఆయన పేరు మీద అలా నీళ్లు పోసుకున్నవాళ్లు అంతకుముందు నలుగురే, అందరూ దాయాదులు. నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. పదిరోజుల్లో కూడా అంత ఏడవలేదు. జింకవాళ్లూ దున్నవాళ్లూ కలిసి బండి మీది బస్తాలు దించారు.

బస్టాండుకు ఆయనే దించాడు, తడి బట్టలతో, దున్నలో. నేను దున్న ఎక్కడం అదే మొదలు. సీటు గట్టిది, గేరు మారిస్తే మోకాలికి తగులుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది, ఇక వాదించేది ఎవరి తరఫున? "బండి నడుస్తుందా?" అని ఆయన అడిగాడు. బ్యాటరీ దిగిపోయిందన్నాను. "వారానికోసారి స్టార్ట్ చేపియ్యి. నిలవడ్డ బండి తొందరగ పాడైతది." నంగునూరుకు వచ్చి బువ్వ తిని పొమ్మన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ తెలియదు, వెళ్లాల్సింది. "ఇగ పైలం చెల్లె" అని, బస్సు కదిలేదాకా ఎండలో నిలబడ్డాడు.

తిరుగు బస్సు ప్రజ్ఞాపూర్ దాటుతుండగా ఫోన్ మోగింది. గ్రూపులో రాజమల్లు. "అన్నలూ తమ్ములూ, అల్వాల్ యాదగిరి మనల ఇడిసిపెట్టి పోయిండు. నాకియ్యాల ఎరుకైంది. ఆరేండ్ల సంది ఒప్పుకోలే, ఇయ్యాల ఒప్పుకుంటున్న. జింక మంచి బండి. ఇగ దీని మీద ఎవ్వలు లడాయి వెట్టకున్రి." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, వేలు నొప్పి పుట్టేదాకా జరిపినా అవే. ఈ ఒక్క మాట కోసం మా ఆయన ఆరేళ్లు ఎదురుచూశారు. చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నాను. "మంచిదే గానీ" అని ఎక్కడన్నా ఒక వంక పెడతాడేమోనని వెతికాను. పెట్టలేదు.

ఇది జరిగి పంతొమ్మిది రోజులు. ఏడింటికి ఫోన్ మోగడం లేదు. యాదగిరినైతే ఎన్ని మాటలన్నా అనొచ్చు, భర్త పోయిన ఆడమనిషికి ఆయన రోజూ ఏమని ఫోన్ చేస్తాడు? రాజమల్లు మర్యాద తెలిసిన మనిషి. ఆ మర్యాదే నాకు శిక్ష అయింది. నిజం చెబితే గుండె బరువు దిగుతుందంటారు, నాకైతే దిగలేదు. చెప్పడం తప్పని మాత్రం అనను. దేవుడి దాకా వెళ్లిన అబద్ధాన్ని ఇంకా మోయకూడదు. దున్న కొనాలా జింక కొనాలా అని అడిగేవాళ్లు ఇంకెవరినైనా అడగండి. నాకు తెలిసిందల్లా, బండి మీద వాదించే మనిషి ఉన్నన్నాళ్లు ఇంట్లో ఒంటరితనం తెలియదని.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఆలస్యమైన చావు కబురు చెప్పడానికి వెళ్తుంటే పొద్దుటి బస్సుకే వెళ్లండి. విన్న మనిషి ఉన్న బట్టలతోనే నీళ్లు పోసుకోవచ్చు, అవి ఒంటి మీదే ఆరాలంటే ఇంకా ఎండ ఉండాలి.