గేజీలో తగ్గిన పన్నెండు

చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో స్టోర్ చూసేవాణ్ని. నా చదువు పదో తరగతి. మా అమ్మాయి ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం అట్ట ఊడిపోయాక నాదైంది. మూలకాలకు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం నాకు భలే సరదా. నైట్రోజన్‌కు ఏడు: లోపల రెండు, బయట అయిదు. ఎనిమిదికి మూడు తక్కువ. అందుకని రెండు పరమాణువులు చెరో మూడు వేసుకొని ఉమ్మడిగా వాడుకుంటాయి. ఆ పట్టు అంత తేలిగ్గా వదలదు. నైట్రోజన్ దేని జోలికీ పోదు. నిప్పంటుకునే ద్రావకాల ట్యాంకుల్లో దాన్నే నింపుతాం.

చలికాలం పోతున్న రోజులు. ఒక మధ్యాహ్నం రేకుల షెడ్డులో కొత్త నైట్రోజన్ సిలిండర్‌కు ఒత్తిడి చూపే గేజీ బిగించి చూస్తే నూట యాభై బార్. గ్యాస్ బయటికి పోయే వాల్వ్ మూసింది మా అక్క. వరసకు కాదు, అందరికంటే పెద్దదని అలా పిలుస్తాం. ఏళ్ల తరబడి డ్రమ్ములు కడిగి, ఆ నెలే గ్యాస్ షెడ్డు పనికి వచ్చింది. మర్నాడు పొద్దున ఆరింటికి గేజీ నూట ముప్పై ఎనిమిదే చూపింది.

"వాల్వ్ సరిగ మూయలేదక్కా. పన్నెండు లీకైంది. మళ్ల డ్రముల కాడికే పోవాలె" అన్నాడు ఇన్‌చార్జి.

"రెండు చేతులతోని బిగించిన సార్. గాలిని కొంగుల కట్టుకపోయిన్నా ఏంది?"

నేను కాగితం తీశాను. మూసిన సిలిండర్‌లో వాయువు చల్లబడితే ఒత్తిడి కూడా తగ్గుతుంది. గోడమీది థర్మామీటర్ చూడటం నా అలవాటు: నిన్న మధ్యాహ్నం నలభై, ఇప్పుడు పదిహేను. లెక్క కట్టి చూస్తే యాభై ఆరే ఉండాలని వచ్చింది!

ఇన్‌చార్జి పడిపడి నవ్వాడు. "అంటే రాత్రి అక్క గాలి నింపి పోయిందా?"

సిగ్గేసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ లెక్క కెల్విన్‌లో కట్టాలి, అంటే డిగ్రీలకు రెండు వందల డెబ్బై మూడు కలపాలి. మూడు వందల పదమూడు, రెండు వందల ఎనభై ఎనిమిది. మళ్లీ కట్టాను. నూట ముప్పై ఎనిమిది.

"వాల్వ్ ముట్టకుండ్రి సార్. ఎండెక్కినంక చూద్దాం" అన్నాను.

అక్క తిండికి కూడా పోలేదు. రెండింటికి థర్మామీటర్ నలభై దగ్గరికి వచ్చింది. గేజీ ముల్లు నూట యాభై గీతమీద నిలిచింది.

"సార్, పోయిన గాలి తిరిగొచ్చింది. యాడ తిరిగొచ్చిందో అడుగుండ్రి" అంది అక్క.

ఇన్‌చార్జి ఈసారి తనమీద తానే నవ్వుకున్నాడు. "సరే అక్కా, షెడ్డు నీదే. రేపటి సంది గేజీతోపాటు థర్మామీటర్ గూడ చూసి చెప్పు."

ఆయన పోగానే అక్క నా పక్కన కూర్చుంది. "తమ్మీ, గా రెండు వందల డెబ్బై మూడు ఎందుకు కలిపినవో జర సమజయ్యేటట్టు చెప్పు. రేపు సార్ అడిగితే నేనే చెప్పాలె."

కాగితం వెనక్కి తిప్పి మొదలుపెట్టాను.